గ్రెప్ పీసీలోకి వచ్చింది, పైపు సగమే వచ్చింది: పాత డాస్ రోజుల నుంచి నేటి విండోస్ దాకా యునిక్స్ టూల్స్ కథ

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక మా మేనకోడలు ఫోన్ చేసింది. అమీర్‌పేటలో డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీద పెట్టి నడిపే పని) కోర్సు చేస్తోంది, మర్నాడు ప్రాజెక్టు చూపించాలి, గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. "మామయ్యా, ఫైల్ కళ్ల ముందే ఉంది. లిస్ట్ కొడితే కనిపిస్తోంది. నడుపుదామంటే మాత్రం అలాంటి ఫైలే లేదంటోంది." స్క్రీన్‌షాట్ పంపమన్నాను. ఎర్రర్ లైన్లో బ్యాష్ (లైనక్స్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రాం) అన్న పేరు చివర ఒక టోపీ గుర్తు, దాని పక్కనే ఎమ్ అక్షరం తగులుకుని ఉన్నాయి. "విండోస్ లాప్‌టాప్‌లో రాశావా?" అన్నాను. "అవును, అయితే ఏంటి?" అంది.

దానికి ఫోన్లో రెండు నిమిషాల్లో జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో ఇలాంటి ఏ కోర్సులో చేరినా మొదటి వారం లైనక్స్ (యునిక్స్ దారిలో నడిచే సిస్టం) కమాండ్లే చెబుతారు, పిల్లల చేతిలో ఉండేది మాత్రం చాలావరకు విండోస్ లాప్‌టాప్. విండోస్‌లోనే ఆ కమాండ్లు నడవడానికి గిట్ బ్యాష్ వేసుకో, డబ్ల్యూఎస్ఎల్ వేసుకో, అది కాదు ఇది వేసుకో అని తలా ఒకటి చెబుతారు. ఒకచోట నడిచిన కమాండ్ ఇంకోచోట నడవదు. ఎందుకు నడవదో చెప్పేవాళ్లు తక్కువ, ఎందుకంటే ఆ కారణాలు చాలావరకు 1981, 1983 సంవత్సరాల్లో ఐబీఎమ్ పీసీ కోసం తీసుకున్న నిర్ణయాల్లో ఉన్నాయి. అక్కణ్ణుంచి మొదలుపెడితేనే చిక్కు విడుతుంది.

యునిక్స్ టూల్ అంటే అసలు ఏమిటి

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మొదలుపెట్టారు. యునిక్స్‌లో టూల్ అంటే ఒకే పని చేసే చిన్న ప్రోగ్రాం. లోపలికి వచ్చే లైన్లు చదువుతుంది, వాటితో తన పని చేస్తుంది, ఫలితాన్ని మళ్లీ లైన్లుగానే బయటికి వదులుతుంది. లైన్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఎక్కడికి పోతున్నాయో దానికి అక్కర్లేదు. 'గ్రెప్' మనం చెప్పిన మాట ఉన్న లైన్లను మాత్రమే వదులుతుంది. 'సార్ట్' వరుసలో పెడుతుంది. 'యూనిక్' పక్కపక్కన ఉన్న ఒకేలాంటి లైన్లను ఒకటి చేస్తుంది.

ఇలాంటివాటిని ఒకదాని వెనక ఒకటి తగిలించేదే పైపు, నిలువు గీత గుర్తు. అలా తగిలించే వీలు ఉండాలని బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన డగ్ మెకిల్‌రాయ్ చాలాకాలం అడుగుతూ వచ్చాడు, 1973లో థాంప్సన్ దాన్ని యునిక్స్‌లో పెట్టాడు. మెకిల్‌రాయ్ పేరు పెద్దగా ఎవరూ తలుచుకోరు గానీ, నా మటుకు నాకు ఈ కథలో అతి పెద్ద ఆలోచన ఆయనదే.

ఒక టిఫిన్ సెంటర్ లెక్క

మాటల్లో చెబితే ఇది సగమే అర్థమవుతుంది. ఒక టిఫిన్ సెంటర్‌కి పొద్దున వచ్చిన ఆర్డర్లు ఒక ఫైల్లో ఇలా ఉన్నాయనుకోండి, లైనుకి ఒక ఆర్డర్, ముందు ఏరియా, తర్వాత ఐటమ్, తర్వాత ప్లేట్లు:

అమీర్‌పేట ఇడ్లీ 4
మలక్‌పేట దోసె 2
అమీర్‌పేట వడ 6
తార్నాక ఇడ్లీ 3
మలక్‌పేట ఉప్మా 1
అమీర్‌పేట దోసె 2

ఏ ఏరియా నుంచి ఎక్కువ ఆర్డర్లు వచ్చాయో తెలియాలి. దీనికోసం ఎవరూ కొత్త ప్రోగ్రాం రాయక్కర్లేదు. మొదట 'కట్'తో ఏరియా ఒక్కటే తీసుకుంటాం. ఆరు పేర్లు వస్తాయి, కానీ కలగాపులగంగా. వాటిని 'సార్ట్'కి ఇస్తే అమీర్‌పేట, అమీర్‌పేట, అమీర్‌పేట, తార్నాక, మలక్‌పేట, మలక్‌పేట అని వరుసగా నిలబడతాయి. ఇప్పుడు 'యూనిక్'ని లెక్క కూడా వేయమంటే:

3 అమీర్‌పేట
1 తార్నాక
2 మలక్‌పేట

'యూనిక్' పక్కపక్కన ఉన్నవాటినే పోలుస్తుంది కాబట్టే దానికి ముందు సార్ట్ పెట్టాం. అది వదిలేస్తే అమీర్‌పేట మూడు చోట్ల విడివిడిగా 1 అని కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరూ ఒకసారైనా ఇక్కడ పడతారు. చివరగా ఇంకోసారి సార్ట్, ఈసారి అంకెలను బట్టి పెద్దది ముందు వచ్చేలా:

3 అమీర్‌పేట
2 మలక్‌పేట
1 తార్నాక

మొత్తం ఒకే లైను: కట్ | సార్ట్ | యూనిక్ | సార్ట్. ఆర్డర్లు ఆరు కాదు, ఆరు లక్షలున్నా లైను మారదు. రేపు ఏరియా బదులు ఐటమ్ లెక్క కావాలంటే 'కట్'లో ఒక అంకె మారుస్తే చాలు.

ఇంత చిన్న ప్రోగ్రాములు ఇంత పని ఎలా చేస్తున్నాయంటే, వాటి కింద కొన్ని ఒప్పందాలున్నాయి. అందరూ మామూలు టెక్స్ట్ లైన్లనే ఇచ్చిపుచ్చుకుంటారు, లైను ఎక్కడ ముగుస్తుందో అందరికీ ఒకటే లెక్క. ప్రతి ప్రోగ్రాంకీ లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి, తప్పులు చెప్పడానికి వేరే దారి ఉంటాయి. ఫైల్ పేరు బదులు 'ఏదైనా సరే' అని నక్షత్రం గుర్తు పెడితే దాన్ని అసలు పేర్లుగా విప్పే బాధ్యత షెల్‌ది, అంటే బ్యాష్ లాంటి ప్రోగ్రాంది, ప్రోగ్రాంకి విప్పిన జాబితానే అందుతుంది. ఇక పైపుకి అటూ ఇటూ ఉన్న ప్రోగ్రాములు ఒకే సమయంలో నడుస్తుంటాయి. ఈ ఒప్పందాలు యునిక్స్ నిలబెడుతుంది కాబట్టి టూల్ రాసేవాడు వాటి గురించి ఆలోచించక్కర్లేదు. పీసీకి వచ్చేసరికి మారింది టూల్స్ కాదు, ఈ ఒప్పందాలు.

1981 పీసీలో ఉన్నదెంత

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎమ్ పీసీలో ఇంటెల్ 8088 ప్రాసెసర్, వేగం 4.77 మెగాహెర్ట్జ్. మెమరీ 16 కేబీ నుంచి మొదలు. ఒక ఫ్లాపీలో పట్టేది 160 కేబీ, అంటే ఇవాళ వాట్సాప్‌లో వచ్చే ఒక ఫోటో కూడా పట్టకపోవచ్చు. దాని మీద నడిచిన ఆపరేటింగ్ సిస్టం డాస్, సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ ప్యాటర్సన్ రాసిన 86-డాస్ నుంచి వచ్చింది. అది అప్పట్లో చిన్న కంప్యూటర్లలో బాగా వాడుకలో ఉన్న సీపీ/ఎమ్ అనే సిస్టం పద్ధతిని అనుసరించింది, పాత ప్రోగ్రాములను తేలిగ్గా తెచ్చుకోవచ్చని. యునిక్స్ వాసన అందులో లేదు. డైరెక్టరీలే (ఇప్పటి ఫోల్డర్లు) లేవు, ఫ్లాపీలో ఉన్న ఫైళ్లన్నీ ఒకే గంపలో.

అసలు మలుపు 1983లో వచ్చిన డాస్ 2.0. పీసీ ఎక్స్‌టీతో 10 ఎంబీ హార్డ్ డిస్క్ వచ్చింది, అన్ని ఫైళ్లు ఒకే గంపలో పెడితే వెతుక్కోలేం, డైరెక్టరీలు కావాలి. మైక్రోసాఫ్ట్ దగ్గర అప్పటికే ఏటీ అండ్ టీ నుంచి లైసెన్స్ తీసుకున్న జెనిక్స్ అనే యునిక్స్ ఉంది, దాని అలవాట్లు వాళ్లకి తెలుసు. అందుకే డాస్ 2.0లోకి చెట్టులా కొమ్మలు వేసే డైరెక్టరీలు వచ్చాయి, ఫైళ్లకి హ్యాండిల్స్ (తెరిచిన ఫైల్‌ని గుర్తుపట్టే నంబర్లు) వచ్చాయి, అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించే గుర్తు వచ్చింది, పైపు వచ్చింది, పైపులో వాడుకోవడానికి 'ఫైండ్', 'సార్ట్', 'మోర్' అని మూడు ఫిల్టర్లూ వచ్చాయి. చూడ్డానికి యునిక్స్ వచ్చేసినట్టే ఉంటుంది.

కానీ పైన చెప్పిన టిఫిన్ లెక్క దాంతో చేయబోతే ఆగిపోతాం. కట్ లేదు, యూనిక్ లేదు. సార్ట్ ఉంది గానీ దాదాపు 64 కేబీకి మించిన ఫైల్ దానికి పట్టదు. ఫైండ్‌కి ఫైల్ పేరు బదులు నక్షత్రం ఇస్తే తీసుకోదు. పైగా యునిక్స్‌లో ఫైండ్ అంటే ఫైళ్లను వెతికేది, ఇక్కడ ఫైండ్ అంటే ఫైల్లో మాటను వెతికేది. పేరొకటే, పని వేరు. ఈ గొడవ ఇప్పటికీ విండోస్‌లో ఉంది, పాత్ వరుసలో (ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితాలో) ఏది ముందుంటే అది పలుకుతుంది.

చదవమంటే రాయడమెందుకు: డాస్ పైపు లోపల

ఇది నా సొంత అనుభవం. తొంభైల మొదట్లో అమీర్‌పేటలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. హార్డ్ డిస్క్ లేని పాత మెషిన్లు, డాస్ ఉన్న ఫ్లాపీ పెట్టి లేపాలి. మేం పాడుచేస్తామని ఆ ఫ్లాపీ అంచున ఉన్న గాడి మీద వెండి రంగు స్టిక్కర్ అంటించేవాళ్లు, అది ఉంటే డ్రైవ్ దాని మీద రాయదు. ఒకరోజు డైరెక్టరీ లిస్టుని అక్షరక్రమంలో చూద్దామని 'డిర్ | సార్ట్' కొట్టాను. డ్రైవ్ లైటు వెలిగింది, ఒక్కసారి గర్రుమంది, స్క్రీన్ మీద రైట్ ప్రొటెక్ట్ ఎర్రర్, కింద అబార్ట్, రిట్రై, ఫెయిల్ అని ప్రశ్న. నేను రాయమనలేదు, చూపించమన్నానంతే. ల్యాబ్‌లో ఉన్న సార్‌ని పిలిస్తే ఫ్లాపీ పోయిందని ఇంకోటి ఇచ్చారు. దానికీ స్టిక్కర్ ఉంది, అదే ఎర్రర్. "మన మెషిన్ల మీద పైపులు పనిచేయవు, ముందుకెళ్లు తమ్ముడూ" అని వెళ్లిపోయారు. ఫ్లాపీలో తప్పేమీ లేదు, నా కమాండ్‌లోనూ లేదు. చాలా రోజుల తర్వాత ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత మాన్యువల్లో కారణం దొరికింది.

డాస్ ఒకసారికి ఒకే ప్రోగ్రాం నడపగలదు. పైపుకి అటూ ఇటూ రెండు ప్రోగ్రాములు ఒకేసారి నడవాలి. మరి ఎలా కుదురుతుంది? కుదరదు కాబట్టి డాస్ ఒక ఉపాయం చేసింది. ముందు మొదటి ప్రోగ్రాంని పూర్తిగా నడిపి, దాని అవుట్‌పుట్‌ని డిస్క్ మీద ఒక తాత్కాలిక ఫైల్లో రాస్తుంది. అది అయిపోయాక రెండోదాన్ని మొదలుపెట్టి, ఆ ఫైల్‌ని దానికి ఇన్‌పుట్‌గా ఇస్తుంది. చివర్లో ఫైల్‌ని చెరిపేస్తుంది. అంటే గీత గీసింది పైపులా, లోపల జరిగింది మాత్రం బిందెలో నింపి మోసుకెళ్లడం.

స్టిక్కర్ లేని ఫ్లాపీతో చేస్తే ఇంకో వింత కనిపించేది. లిస్టులో మనం ఎప్పుడూ పెట్టని రెండు ఫైళ్లు, సైజు 0 బైట్లు. డాస్ ఆ తాత్కాలిక ఫైళ్లను ముందే తెరిచి పెట్టుకునేది, ఆ తర్వాత డిర్ లిస్టు తీసేది, దాంతో పైపు సామాను కూడా లిస్టులో పడేది. ఇంకోసారి చూస్తే ఆ పేర్లు ఉండవు. వైరస్ అని భయపడ్డవాళ్లని నాకు తెలుసు.

తేడా పెద్దగా తెలిసేది ఇక్కడ. యునిక్స్‌లో ఒక పెద్ద ఫైల్లో మాట వెతికి మొదటి పది లైన్లు చాలు అంటే, పదో లైను రాగానే చివరి ప్రోగ్రాం ఆగిపోతుంది, ఎదురుగా తీసుకునేవాడు లేడని మొదటిది కూడా ఆగుతుంది. డాస్‌లో అయితే మొదటిది ఫైల్ మొత్తం చదివి, దొరికినవన్నీ డిస్క్ మీద రాశాకే పది లైన్ల సంగతి వస్తుంది. ఫ్లాపీలో చోటు లేకపోతే అదీ రాదు. ఒకవేళ మొదటి ప్రోగ్రాం ఆగకుండా లైన్లు ఇస్తూపోయేదైతే రెండోదాని వంతు ఎప్పటికీ రాదు. అయితే సార్ట్ లాంటి టూల్ మధ్యలో ఉన్నప్పుడు ఈ తేడా తగ్గిపోతుంది. ఆఖరి లైను చూసేదాకా సార్ట్ ఏదీ వదలలేదు, అది ఏ సిస్టంలో అయినా ఆగాల్సిందే. మన టిఫిన్ లెక్క అలాంటిదే. డాస్ మీద కట్, యూనిక్ తెచ్చిపెట్టుకుంటే నెమ్మదిగా అయినా సరైన జవాబే వస్తుంది.

గీత ఎందుకు ఎడమకి ఒరిగింది

యునిక్స్‌లో డైరెక్టరీల మధ్య కుడికి ఒరిగిన గీత (/), విండోస్‌లో ఎడమకి ఒరిగినది (\). కావాలని వేరుగా పెట్టారని చాలామంది అనుకుంటారు. జరిగింది వేరు. డైరెక్టరీలు లేని డాస్ 1లోనే కుడి గీతని ఆప్షన్ల కోసం వాడేశారు, డిర్ పక్కన గీత పెట్టి డబ్ల్యూ కొడితే లిస్టు అడ్డంగా వచ్చేది. రెండేళ్ల తర్వాత డైరెక్టరీలు వచ్చేసరికి ఆ గీత ఖాళీ లేదు. పాత అలవాట్లు, కమాండ్లు వరుసగా రాసిపెట్టుకున్న పాత బ్యాచ్ ఫైళ్లు చెడగొట్టకూడదని బ్యాక్‌స్లాష్ తీసుకున్నారు. డాస్ లోపలి భాగం మాత్రం ఫైల్ ఎక్కడుందో చెప్పే పాత్‌లో రెండు గీతల్నీ ఒప్పుకునేది. డాస్ 2.0లో 'స్విచ్‌చార్' అనే సెట్టింగ్ పెట్టి ఆప్షన్ గుర్తుని మార్చుకునే వీలు కూడా ఇచ్చారు, అలా చేస్తే యునిక్స్ గీత వాడుకోవచ్చు. తర్వాతి వెర్షన్లలో అది మరుగున పడింది. మనందరం కీబోర్డ్ మీద వెతుక్కునే ఆ ఎడమ గీత, రెండేళ్లు ముందు పుట్టిన ఒక ఆప్షన్ వల్ల వచ్చింది.

నక్షత్రం ఎవరు విప్పాలి

ఇక్కడ మాత్రం యునిక్స్‌దే ఒప్పు అని తేల్చేయలేం, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

యునిక్స్‌లో 'గ్రెప్ దోసె *' అంటే ఆ నక్షత్రాన్ని షెల్ విప్పి, డైరెక్టరీలో ఉన్న ఫైళ్ల పేర్లన్నీ గ్రెప్ చేతిలో పెడుతుంది. డాస్‌లో నక్షత్రం ఉన్నది ఉన్నట్టు ప్రోగ్రాంకి చేరుతుంది, విప్పుకోవడం దాని తలనొప్పి. విప్పే కోడ్ రాసిన ప్రోగ్రాములకి వచ్చు, రాయనివాటికి రాదు. పోనీ షెల్ దగ్గరే విప్పుదామంటే, కమాండ్ పేరు తర్వాతి భాగానికి డాస్ ఇచ్చిన చోటు 128 బైట్లే. ఇరవై ఫైళ్ల పేర్లు కూడా అందులో పట్టవు.

కానీ డాస్ పద్ధతిలో ఒక సుఖం ఉంది. టీఎక్స్‌టీతో ముగిసే ఫైళ్ల పేర్లన్నిటినీ ఒకేసారి బీఏకేతో ముగిసేలా మార్చాలంటే 'రెన్ *.టీఎక్స్‌టీ *.బీఏకే' చాలు, ప్రోగ్రాంకి రెండు నక్షత్రాలూ కనిపిస్తాయి కాబట్టి మన మనసులో ఉన్నది దానికి తెలుస్తుంది. యునిక్స్‌లో పేర్లు మార్చే 'ఎమ్‌వీ'తో అలా చేయబోతే షెల్ ముందే విప్పేస్తుంది, ఎమ్‌వీకి పేర్ల మూట తప్ప మరేమీ తెలియదు, పని జరగదు. అలాగే 'డెల్ *.*' కొడితే డాస్ నిజంగానే అన్నీ తీసేయాలా అని అడుగుతుంది, నక్షత్రం దానికి కనబడింది కాబట్టి. ఫైళ్లు చెరిపే యునిక్స్ 'ఆర్ఎమ్'కి ఆ సంగతి తెలిసే వీల్లేదు. ఒకచోట అన్ని టూల్స్‌కీ ఒకే పద్ధతి దక్కింది, ఇంకోచోట ఒక్కో టూల్‌కి కాస్త తెలివి దక్కింది.

లైను చివర ఉన్న ఆ ఎమ్

మా మేనకోడలి ఎర్రర్ ఇదే. పాత టెలిటైప్ మెషిన్లలో కొత్త లైనుకి వెళ్లాలంటే రెండు కదలికలు కావాలి, అచ్చు వేసే తల ఎడమ అంచుకి రావాలి, కాగితం ఒక లైను పైకి జరగాలి. మొదటిదాన్ని క్యారేజ్ రిటర్న్ అన్నారు, రెండోదాన్ని లైన్ ఫీడ్. సీపీ/ఎమ్ ఈ రెండు గుర్తుల్నీ ఫైల్లో ప్రతి లైను చివరా పెట్టింది, డాస్ అదే తీసుకుంది, విండోస్‌కి అదే వచ్చింది. యునిక్స్ మాత్రం ఫైల్లో లైన్ ఫీడ్ ఒక్కటే పెట్టుకుని, మెషిన్‌కి పంపేటప్పుడు క్యారేజ్ రిటర్న్ చేర్చే పని టెర్మినల్ నడిపే కోడ్‌కి అప్పగించింది.

కాబట్టి విండోస్‌లో రాసిన స్క్రిప్ట్ (కమాండ్ల ఫైల్) లైనక్స్‌కి పోతే, దాన్ని ఏ ప్రోగ్రాం నడపాలో చెప్పే మొదటి లైన్లో బ్యాష్ అన్న పేరు తర్వాత ఇంకో కనపడని అక్షరం ఉంటుంది. లైనక్స్ దాన్ని పేరులో భాగం అనుకుని, ఆ పేరుతో ప్రోగ్రాం లేదంటుంది. అది లేదన్నది మా మేనకోడలు రాసిన ఫైల్‌ని కాదు, తోక తగిలిన బ్యాష్‌ని. డాస్ మీదికి గ్రెప్ తెచ్చినవాళ్లకి ఇదే చిక్కు వేరే రూపంలో వచ్చింది. లైను చివర ఫలానా మాట ఉన్నవి కావాలంటే ఒక్కటీ దొరికేది కాదు, ఎందుకంటే అసలు చివర ఉన్నది ఆ మాట కాదు, క్యారేజ్ రిటర్న్. విండోస్ నోట్‌ప్యాడ్‌కి యునిక్స్ లైన్లు సరిగ్గా చూపించడం 2018లో గానీ రాలేదు. అప్పటిదాకా ఫైలంతా ఒకే పొడుగు లైనుగా చూపించేది.

టూల్స్‌ని మోసుకొచ్చినవాళ్లు

యునిక్స్ లేని చోట కూడా ఈ పద్ధతి నడుస్తుందని ముందే చూపించినవాళ్లున్నారు. బ్రయన్ కెర్నిఘన్, పి. జె. ప్లాగర్ 1976లో 'సాఫ్ట్‌వేర్ టూల్స్' పుస్తకంలో ఈ చిన్న ప్రోగ్రాములను ఏ సిస్టం మీదికైనా తీసుకెళ్లేలా రాసి చూపించారు. 1980ల్లో డాస్ మీదికి కెనడాకి చెందిన మోర్టిస్ కెర్న్ సిస్టమ్స్ వాళ్ల ఎమ్‌కెఎస్ టూల్‌కిట్ వచ్చింది, అందులో కార్న్ షెల్, వీఐ ఎడిటర్, ఆక్ లాంటి యునిక్స్ టూల్స్ అన్నీ ఉండేవి. డబ్బు పెట్టి కొనాల్సిందే. 1989లో డీజే డెలోరీ మొదలుపెట్టిన డీజేజీపీపీ 386 మెషిన్ల మీద డాస్‌కి జీసీసీ కంపైలర్ తెచ్చింది, దాంతో గ్నూ టూల్స్ (యునిక్స్ టూల్స్‌ని కొత్తగా రాసిన రూపాలు) చాలా వరకు ఉచితంగా డాస్‌లో దొరికాయి.

వీళ్లు చేసిన పని చూస్తే నాకు నిజంగా గౌరవం. యునిక్స్‌లో సిస్టం మోసే బరువంతా ఇక్కడ ప్రతి ప్రోగ్రాం తన వీపున వేసుకుంది. నక్షత్రం విప్పే కోడ్ ప్రతి టూల్‌లోనూ ఉండాలి. క్యారేజ్ రిటర్న్ తీసి మళ్లీ పెట్టే కోడ్ ఉండాలి, బైనరీ ఫైల్‌కి మాత్రం ఆ పని చేయకూడదు. సీపీ/ఎమ్ నుంచి వచ్చిన కంట్రోల్-జెడ్ అన్న ఫైల్ ముగింపు గుర్తుని చూసుకోవాలి. డాస్ పేర్లలో ముందు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడే, పేరు చుక్కతో మొదలవకూడదు. అందుకే చుక్కతో మొదలయ్యే యునిక్స్ సెట్టింగ్ ఫైళ్ల పేర్లు ఇక్కడ కింద గీతతో మొదలయ్యాయి. విమ్ ఎడిటర్ విండోస్ వెర్షన్‌లో ఆ కింద గీత ఈ రోజుకీ ఉంది, చుక్క పెట్టుకోగలిగే రోజులు వచ్చి ఎన్నేళ్లయినా.

తప్పు మెషిన్‌దా, నిర్ణయాలదా

దీనిపై మూడు వాదనలున్నాయి, మూడింటిలోనూ పస ఉంది.

మెషిన్ చిన్నది, అంతకంటే ఏం చేస్తారు అనేది ఒకటి. 8088లో ఒక ప్రోగ్రాం ఇంకోదాని మెమరీ తొక్కకుండా ఆపే ఏర్పాటు లేదు. ఫ్లాపీ మీద ప్రోగ్రాములను మార్చి మార్చి నడిపితే మనిషి విసిగిపోతాడు.

దీనికి ఎదురు వాదన బలమైనదే. 1971లో యునిక్స్ నడిచిన పీడీపీ-11కి ఉన్న మెమరీ 24 కేబీ, డిస్క్ అర ఎంబీ, మెమరీకి రక్షణా లేదు. అయినా దాని మీద బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగానికి చెందిన ముగ్గురు టైపిస్టులు రోజంతా పనిచేసుకున్నారు. (పైపు అప్పటికింకా రాలేదు, అదీ గుర్తుపెట్టుకోవాలి.) 128 కేబీ, 10 ఎంబీ ఉన్న ఎక్స్‌టీ దాని కంటే పెద్దదే. 1984లో ఐబీఎమ్ స్వయంగా ఎక్స్‌టీ కోసం పీసీ/ఐఎక్స్ పేరుతో యునిక్స్ అమ్మింది, 1987లో ఆండ్రూ టానెన్‌బామ్ రాసిన యునిక్స్ లాంటి సిస్టం మినిక్స్ ఫ్లాపీల మీదే నడిచింది. అంటే వీలు ఉంది, కానీ యునిక్స్‌కి లైసెన్స్ ఖర్చుంది, డాస్ చవక, అప్పటికే డాస్ కోసం బోలెడు ప్రోగ్రాములున్నాయి.

మూడో వాదన వాడేవాళ్ల వైపు నుంచి. ఆఫీసుల్లో పీసీ కొన్నది లోటస్ 1-2-3 (లెక్కల పట్టికలు), వర్డ్‌స్టార్ (టైపింగ్), డీబేస్ (రికార్డులు) కోసం. అలాంటి ప్రోగ్రాములు చాలావరకు వేగం కోసం డాస్‌ని పక్కనబెట్టి నేరుగా స్క్రీన్ మెమరీలోకే రాసేవి, ఆ అవుట్‌పుట్‌ని ఏ పైపూ పట్టుకోలేదు. పైపు ఎంత బాగున్నా అందులో పోసేది లేకపోతే ఏం లాభం?

నాకు రెండోదీ మూడోదీ కలిపి చూస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుంది. మెషిన్ అడ్డు వచ్చింది నిజమే, కానీ మొదటి రెండు మూడేళ్లే. ఆ తర్వాత అడ్డు వచ్చింది అప్పటికే పోగుపడిన అలవాట్లు.

డబ్ల్యూఎస్ఎల్‌లో అదే కథ రెండోసారి

ఇప్పుడు పిల్లలు వాడుతున్నవి ఈ గొలుసులో కొత్త లింకులే. 1995లో మొదలైన సిగ్విన్, యునిక్స్ ఒప్పందాలను విండోస్ మీద ఒక లైబ్రరీగా పరిచింది, గిట్ బ్యాష్ కింద ఉన్నది ఆ వంశమే. మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన మొదటి డబ్ల్యూఎస్ఎల్, లైనక్స్ ప్రోగ్రాం అడిగిన ప్రతిదాన్నీ విండోస్ భాషలోకి మార్చి చెప్పే దుబాసీలా పనిచేసింది. చాలా నడిచాయి, కొన్ని నడవలేదు. 2019లో ప్రకటించిన రెండో డబ్ల్యూఎస్ఎల్‌లో దుబాసీని తీసేసి, లైనక్స్‌కి గుండెకాయ లాంటి అసలు కెర్నల్‌నే ఒక తేలికపాటి వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా) పెట్టేశారు. ఒప్పందాలను ఒక్కొక్కటిగా అనుకరించే బదులు వాటిని నిలబెట్టే సిస్టంనే పట్టుకొచ్చారు. ధర దీనికీ ఉంది. లైనక్స్ వైపు నుంచి విండోస్ డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లని ముట్టుకుంటే నెమ్మదిస్తుంది, అందుకే ప్రాజెక్టుని లైనక్స్ వైపే పెట్టుకోమంటారు.

ఆ రాత్రి మా మేనకోడలికి ఇదంతా చెప్పలేదు. సర్వర్‌లో ఒక చిన్న టూల్ వేసుకోమన్నాను, పేరు డాస్‌టుయునిక్స్. ఫైల్ పేరు ఇచ్చి ఎంటర్ కొట్టింది. యునిక్స్ ఫార్మాట్‌లోకి మారుస్తున్నానని ఒక లైను వచ్చింది, స్క్రిప్ట్ నడిచింది. ఫోన్ పెట్టేసే ముందు అడిగింది, "మామయ్యా, ఇందులో డాస్ అంటే ఏంటి?"

ఆదివారం ఇంటికి రమ్మన్నాను. స్టిక్కర్ ఊడని ఒక ఫ్లాపీ ఇంకా నా బీరువాలో ఉంది.